పన్నెండు చుక్కలు

సిత్రా మునిసిపల్ హాల్లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే
మా ఒంటి మీది చేపల వాసన కూడా గడ్డకట్టింది.
కుర్చీలు పడవల సొంతదారులకి.
గోడ వారన నేనూ, ఇద్దరు బంగ్లా కుర్రాళ్ళూ,
చెప్పులు బయట విడవాలో వద్దో తెలీక
చేత్తో పట్టుకుని.

తెర మీద సముద్రం చాలా శుభ్రంగా ఉంది.
నీలంలో పన్నెండు ఎర్ర చుక్కలు,
చుక్కకో చమురు బావి.
ఆ ఏడో చుక్క దగ్గరే మేం
మొన్న మంగళవారం నలభై గరగూర్లు దించాం.
ఇనప తీగ బోనులు. అల్లింది నేనే,
వేళ్ళ సందుల్లో గాట్లింకా మానలేదు.
పటంలో అవి లేవు.

ఫ్రేజర్ అనే ఇంజినీరు లెక్క చెప్పాడు:
ఒక్కో బావికి, పది వేల రోజుల్లో
ఒక్క రోజు ఏదైనా జరగొచ్చు, అంతే.
పక్కనున్న మళయాళీ హిందీలో గుసగుసగా చెబుతుంటే
నేను వేళ్ళు మడిచాను.
పది వేల రోజులంటే ఇరవయ్యేడేళ్ళు.
చుక్కలు పన్నెండు కదా,
పన్నెండు వాటాలేస్తే
రెండేళ్ళ చిల్లర.
నా ఒప్పందమూ అంతే.

టీచరమ్మ ఒకామె సముద్రపు గడ్డి గురించి చెప్పింది,
అది మేసే జంతువుల గురించి, చాలాసేపు, ఏడ్చినంత పని చేసి.
తర్వాత ఓ కుర్రాడు లేచాడు, ఇస్త్రీ నలగని తెల్ల తోబు:
మాకు ఉద్యోగాలు కావాలి.
చేపలూ చేపలూ అంటారు, మనవాళ్ళెవరున్నారు పడవల్లో?
వీళ్ళేగా!
వేలు మావైపు తిరిగింది.
సభ మొత్తం మమ్మల్ని చూసింది అప్పుడే.
ఒక్కసారే.

మా నౌఖదా అబూ జలీల్ కి మైకు ఇచ్చారు.
నాకొచ్చిన అరబ్బీ చేపలూ గాలులూ తిట్లూ.
కాబట్టి నాకందినవి ఇవే:
సాఫీ. రొయ్య. షమాల్. మా నాన్న.
అరికాలు చూపించి, తారు.
ఆ పైన నీళ్ళు, నీళ్ళు, అని రెండుసార్లు,
బల్ల మీది సీసా పైకెత్తి.
ఆ సీసా నీళ్ళూ సముద్రానివే, ఉప్పు తీసినవి,
ఇక్కడ తాగేదంతా అదే.
మూడు నిమిషాలైందని గంట కొట్టారు.
ఆయన సీసా కింద పెట్టలేదు,
దాన్ని పట్టుకునే వెనక్కొచ్చి కూర్చున్నాడు.

రాత్రి క్యాంపు గదిలో అసలు సభ.
మా బావ, మైలపిల్లి కొర్లయ్య,
రిగ్గు మీద పెయింటరు,
సెలవు వారం గడపడానికి కిందికొచ్చాడు.
"ఏటి, బావులొద్దన్నారా మీ వోళ్ళు?
మీ అప్ప ఆపరేషనుకి డబ్బులు
సేపలిచ్చినాయా, సమురిచ్చిందా? సెప్పు."
చెప్పలేదు.
కందిపచ్చడి కలుపుకున్నాం. లైటు తీసేశాం.

చీకట్లో, పై మంచం మీంచి, చాలాసేపటికి:
"మూడు నెలల్నించీ ఒక అలారం మోగుతాందిరా.
సెన్సరు పాడైందంట.
గుడ్డలు కుక్కేసినారు దాంట్లో.
ఇప్పుడు మంచి నిద్దర."
ఇంకేం అనలేదు. అటు తిరిగి పడుకున్నాడు.
నిద్ర పట్టిన ఊపిరి కాదది, నాకు తెలుసు.

ఈ మాటకి మైకు ఎవరిస్తారు?
ఏ భాషలో?
చెబితే ముందు పోయేది
ఎవరి వీసా?

నాలుగింటికి పడవ ఇంజను తిప్పాను.
వెనకాల మా డీజిలే నీళ్ళ మీద కారి
రంగులు రంగులుగా విప్పుకుంది.
బంగ్లా కుర్రాడు ఫోను తీసి ఫోటో కొట్టాడు.
బాగుంది కూడా.
ఏడో చుక్క దగ్గర మొదటి బోను లాగుతుంటే
తాడు కొంచెం బరువుగా తగిలింది.
అబూ జలీల్ పైనుంచి కేకేశాడు,
ఏం పడింది?
ఇంకా పైకి రాలేదు, అన్నాను,
తెలుగులోనే.